రేజర్ పిడికి శాండ్ పేపర్ ఎంత కొట్టినా గీతలు పోవట్లేదు, ఏం చేయాలి?

చేవకర్ర:
అందరికీ నమస్కారం. సేఫ్టీ రేజర్‌కి పిడి సొంతంగా చేసుకుంటున్నా. హెడ్ (బ్లేడు పట్టే పైభాగం) బజార్లో కొన్నదే, మూడు ముక్కల రకం, పిడి మాత్రం జిట్రేగి (రోజ్‌వుడ్) చేవ ముక్క చిన్న లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే మిషన్) మీద తిప్పి, లోపల ఎం5 (5 మి.మీ.) మర ఉన్న ఇత్తడి ఇన్సర్ట్ ఎరాల్డైట్ జిగురుతో కూర్చోబెట్టా. షేప్ బాగా కుదిరింది, గొడవంతా ఫినిషింగ్ దగ్గరే. లేత్ తిరుగుతుండగానే 120, 220, 400, తర్వాత 1000 నంబర్ పేపర్ (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) పట్టా. మామూలుగా చూస్తే నున్నగానే ఉంది కానీ కిటికీ దగ్గర పక్కకి వంచి చూస్తే చుట్టూ రింగుల్లా సన్నగీతలు కనపడుతున్నాయి. పైగా తడి తగిలి ఆరాక చేతికి గరుగ్గా తగులుతోంది. కొబ్బరినూనె రాస్తే ఆ పూటకి మెరుస్తుంది, గడ్డం గీసుకుని కడిగేసరికి మళ్ళీ మామూలే. గాజులా మెరవక్కర్లేదు, చేతికి హాయిగా ఉండి నీళ్ళకి ఆగితే చాలు. తెలిసినవాళ్ళు చెప్పండి.

లేత్_బాబాయ్:
తమ్ముడూ, ఆ రింగులు 1000 పేపర్‌వి కావు, 120వే. లేత్ తిరుగుతుంటే పేపర్ నారకి అడ్డంగా గీస్తుంది, చేవలో అడ్డగీత పడితే తర్వాత పేపర్లు అదే దారిలో తిరుగుతాయి కాబట్టి పాత గీత కొత్త గీతల్లో కలిసిపోయి కనపడదు, నూనె రాశాకో పాలిష్ పెట్టాకో బయటపడుతుంది. అందుకే ప్రతి నంబర్ అయ్యాక లేత్ ఆపేసి అదే పేపర్‌తో చేత్తో నార వెంబడి, అంటే పిడి పొడుగునా, అడ్డగీతలన్నీ పోయేదాకా రుద్దు. పోయాయో లేదో చూడటానికి లైట్ ఆర్పి సెల్ టార్చి పక్కనుంచి వాలుగా కొట్టు, ఎదురుగా కొడితే ఏమీ తెలీదు. ఒక్క గీత మిగిలినా పై నంబర్‌కి పోవద్దు, ఎందుకంటే 120 చేసిన గీతని 400 తీయలేదు, దాని అంచుల్ని మాత్రం మెరిపిస్తుంది. 400 నుంచి ఒకేసారి 1000కి దూకడం కూడా తగ్గించు, మధ్యలో 600, 800 పడాలి. 120కి 220కి మధ్య 180 కూడా పెట్టుకో. టైమంతా కింది నంబర్ల దగ్గరే పోతుంది, పైకి వెళ్ళేకొద్దీ పని చకచకా అయిపోతుంది.

అరిగిన పేపర్ పారెయ్, పొదుపు చేయకు. రోజ్‌వుడ్ జాతిలో జిగురు, నూనె ఉంటాయి, పేపర్ తొందరగా నిండిపోయి ఆ ఉండలే కొత్త గీతలు పెడతాయి. నంబర్ మార్చేముందు బ్రష్‌తో దుమ్ము పూర్తిగా దులుపు, పాత నంబర్ రేణువు ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది.

గరుకు సంగతి: తడికి నార ఉబ్బి నూగు లేస్తుంది, అది ఏ కర్రకైనా ఉన్నదే. దాన్ని నువ్వే ముందు లేపాలి. 400 అయ్యాక తడిగుడ్డతో పిడంతా తుడిచి పూర్తిగా ఆరనివ్వు, లేచిన నూగుని అదే 400తో బరువు వేయకుండా తేలిగ్గా తీసెయ్. ఇంకోసారి తడిపి మళ్ళీ తీస్తే ఆ తర్వాత ఇక పెద్దగా లేవదు.

మడతకత్తి_శారద:
మా నాన్నది సెలూన్, నేను పాత మడత కత్తులకి కొత్త పిడిరేకులు చేస్తుంటా, బర్రె కొమ్ముతో ఎక్కువ. బాబాయ్ గారు చెప్పింది కొమ్ముకి ఇంకా కచ్చితంగా వర్తిస్తుంది, నల్ల కొమ్ము మీద చిన్న గీత కూడా తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నేను చేసేదేంటంటే ముక్క మీద పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసి, ఆ పెన్సిల్ మొత్తం పోయేదాకా పేపర్ కొడతా, ఎక్కడైనా పల్లం ఉంటే అక్కడ పెన్సిల్ మిగిలిపోయి పట్టిస్తుంది. పేపర్ని వేలితో పట్టుకోకుండా చదునైన చెక్కకి చుట్టి కొట్టాలి, వేలితో అయితే మధ్యలో గుంట పడి అంచులు గుండ్రమైపోతాయి. కొమ్ముకైతే వాటర్ పేపర్ 2000 దాకా తడిపి కొట్టి, తర్వాత కాటన్ బఫ్ (తిరిగే గుడ్డ చక్రం) మీద పాలిష్ సబ్బుతో తేలిగ్గా పట్టాలి. గట్టిగా నొక్కితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే వేడెక్కి పొరలు విడుస్తున్నట్టే, ఆపేయాలి. తిరిగే బఫ్ దగ్గరికి కత్తి అలుగుతో పోకండి, లాక్కుని విసిరేస్తుంది. రేకులు విడిగా ఉన్నప్పుడే పాలిష్ అంతా అయిపోవాలి, పిన్ను కొట్టడం ఆ తర్వాతే. లోపలివైపు కూడా అంతే శ్రద్ధగా నున్నగా చేసి సీల్ చేయాలి, తడి నిలిచేది అక్కడే, బయట మెరిపించి లోపల బరకగా వదిలేసిన కత్తులు ఎన్నో చూశా, అలుగు అక్కడే తుప్పు పడుతుంది.

చేవకర్ర:
చాలా థాంక్స్ బాబాయ్, శారద గారూ. టార్చి వాలుగా కొట్టి చూశా, రింగులు నిజంగానే లోతుగా ఉన్నాయి, 120 దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడతా. మరి పైన ఏం పూయాలి? లక్క బాగుంటుందా, ఫెవిక్విక్ పూయమని కూడా ఒకరన్నారు.

లేత్_బాబాయ్:
కొబ్బరినూనె ఎన్నేళ్ళయినా గట్టిపడదు, అందుకే సబ్బుకి కడుక్కుపోతోంది. ఆరి గట్టిపడే నూనె కావాలి, పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ లింసీడ్ అడుగు, అదే అవిసె నూనె. గుడ్డతో పల్చగా పూసి కాసేపాగి మిగిలింది పూర్తిగా తుడిచెయ్, ఆరాక మళ్ళీ, అలా కొన్ని పూతలు. మొదటి పూత తడిగా ఉండగానే 600 వాటర్ పేపర్‌తో రుద్దితే ఆ నూనె, కర్రపొడి కలిసి ముద్దలా అయ్యి జిట్రేగి సన్న చిల్లుల్లో నిండుతుంది, నున్నదనం అక్కడే వస్తుంది. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి బయట ఆరేసి అప్పుడు పారెయ్.

లక్క చూడటానికి అందంగా ఉంటుంది, ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పట్టించి మొగలి రేకుతో మెరిపిస్తారు, ఆ పని చూస్తే చేయెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కానీ అది బొమ్మలకి, వేడినీళ్ళకి లక్క మెత్తబడుతుంది, తెల్లబడుతుంది, రోజూ తడిసే పిడికి వద్దు. ఫెవిక్విక్ నీళ్ళకి బాగా ఆగుతుంది, ముందు థిన్నర్‌తో పిడి మీద నూనె తుడిచి, కొంచెం కొంచెంగా పల్చటి పూతలు వేయాలి, మందంగా వేస్తే తెల్లగా పొగపట్టినట్టవుతుంది. కాటన్ గుడ్డతో పూయకు, దూదికి తగిలితే మండేంత వేడెక్కుతుంది, చిన్న టిష్యూ ముక్క వాడు, ఫ్యాన్ గాలి ఆ ఆవిరిని మొహానికి దూరంగా కొట్టేలా కూర్చో, లేకపోతే కళ్ళు మండుతాయి. నన్నడిగితే నూనే మేలు, గీత పడినా మళ్ళీ నూనె రుద్దితే సరిపోతుంది.

మడతకత్తి_శారద:
ఒకటి కలుపుతున్నా, మరీ అద్దంలా చేయకండి. సబ్బు చేతిలో జారుతుంది. నూనె పూతకైతే 600, 800 దగ్గర ఆపినా చాలు, పట్టుకునే చోట లేత్ మీద రెండు మూడు సన్నటి గాడులు కొట్టుకోండి. జిట్రేగి పొడి కొందరికి ఒంటికి పడదు, దద్దుర్లు, దగ్గు వస్తాయి, ఎన్95 మాస్క్ లేకుండా పేపర్ పట్టొద్దు. స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) కూడా వద్దు, దాని ముక్కలు చిల్లుల్లో ఇరుక్కుని తడికి తుప్పుపట్టి నల్లమచ్చలవుతాయి.