ఎలుకకు హోరు ‘వినిపించింది’ అని రాయవచ్చా?

ప్రశ్న:
పెద్ద శబ్దాల వల్ల చెవిలో మొదలయ్యే హోరు గురించి, అంటే టిన్నిటస్ గురించి, వ్యాసం రాస్తున్నాను. రెండు చోట్ల కలం ఆగింది. ‘యానిమల్ మోడల్’ అనడానికి ‘జంతు నమూనా’ సరిపోతుందా? ‘శబ్దానికి గురైన ఎలుకలకు హోరు వినిపించింది’ అన్న వాక్యం తప్పని మిత్రుడొకరు అంటున్నారు. నాకైతే తప్పేమీ కనిపించలేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
వ్యాకరణం ప్రకారం తప్పు లేదండి. చిక్కంతా అర్థంలోనే. ‘ఆయనకు ఏదో వినిపించింది’ అని రాశామంటే ఆయన మనతో చెప్పి ఉండాలి, లేదా ఆ చప్పుడు మనమూ విని ఉండాలి. ఈ హోరు బయట లేదు, పక్కవారికి అందదు. ఎలుక నోరు విప్పి చెప్పదు. మరి రాసేవారికి ఎలా తెలిసినట్టు?

పరిశోధకులు తలపట్టుకున్నదీ ఇక్కడే. 1988లో జాస్ట్రెబాఫ్ బృందం ఒక ఉపాయం పన్నింది. దాహంతో ఉన్న ఎలుకలు నీళ్లు తాగుతుంటే వెనుక ఒక శబ్దం నడుస్తూ ఉంటుంది. అది ఆగినప్పుడు పాదాలకు చిన్న షాక్ తగులుతుంది. దాంతో నిశ్శబ్దమంటే భయం పట్టుకుని, శబ్దం ఆగగానే ఎలుకలు తాగడం మానేస్తాయి. ఇలా భయం నేర్చుకున్నాక సాలిసిలేట్ ఇచ్చిన ఎలుకలు మిగతావాటికంటే త్వరగా మళ్లీ తాగసాగాయి. మోతాదు మించితే మనుషుల్లోనూ హోరు పుట్టించే మందు అది. వాటికి నిశ్శబ్దమే దొరకడం లేదు కాబోలని పరిశోధకులు ఊహించారు. ఊహే సుమా.

2006లో టర్నర్ బృందం శిక్షణ అవసరం లేని పరీక్ష తెచ్చింది. దీన్ని కాస్త దగ్గరగా చూడండి. అదురును కొలిచే బల్లపై చిన్న పంజరం, అందులో ఎలుక. మెల్లని శబ్దం ఆగకుండా వస్తుంటుంది. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు చేస్తే ఎలుక ఉలిక్కిపడుతుంది. ఆ చప్పుడుకు ముందు సెకనులో ఇరవయ్యో వంతు పాటు శబ్దాన్ని ఆపితే, ఆ ఖాళీయే హెచ్చరికై ఉలికిపాటు తగ్గుతుంది. చెవిలో హోరు ఉంటే ఆ ఖాళీ పూడిపోతుందని, అందుకే ఉలికిపాటు తగ్గదని వాదన. అయితే హోరు ఉన్న మనుషులను పరీక్షిస్తే, అంత చిన్న ఖాళీని వారు బాగానే పట్టుకోగలిగారు. పైగా వినికిడి దెబ్బతిన్న జంతువు ఉలిక్కిపడే తీరే మారిపోవచ్చు. అందుకే చాలా ప్రయోగాల్లో మత్తులో ఉంచి, ఒక చెవికి మాత్రమే శబ్దం పెట్టి, వినికిడి మిగిలేలా రెండోదాన్ని కాపాడతారు.

కాబట్టి ‘శబ్దానికి గురైన ఎలుకల్లో కొన్ని, హోరు ఉందని సూచించేలా ప్రవర్తించాయి’ అని రాయండి. వాక్యం సాగినా ఫరవాలేదు. ‘కొన్ని’ని మాత్రం వదలకండి. ఒకే శబ్దానికి గురైనా అన్నింటిలో ఆ లక్షణం కనబడదు. కనబడినవాటికీ కనబడనివాటికీ మెదడులో తేడా ఏమిటన్నది వెతకడంలోనే ఈ ప్రయోగాల విలువంతా ఉంది.

ఇక ‘నమూనా’. రక్త నమూనా, మట్టి నమూనా అని రోజూ చదివే పాఠకుడు ‘జంతు నమూనా’ అనగానే జంతువు నుంచి కోసి తీసిన ముక్క అనుకుంటాడు. ‘జంతు మోడల్’ అనండి, హాయిగా తెలుస్తుంది. మొదటిసారి వాడినప్పుడు ‘మనుషుల జబ్బును పోలిన స్థితిని కల్పించిన జంతువు’ అని ఒక్క ముక్క చేర్చండి.

ఇంకొకరు:
మోడల్ ఎందుకండీ, మనకు మాటలే కరవయ్యాయా? హోరుకూ ‘కర్ణనాదం’ ఉంది కదా, ఆయుర్వేదంలోని మాట.

జవాబు:
మంచి మాటే, శీర్షికకు నప్పుతుంది. వ్యాసమంతా వాడితే మాత్రం బరువెక్కుతుంది. హోరులో గాలీ సముద్రమూ ఉన్నాయి, చాలామంది రోగులు చెప్పేది సన్నని కూత. అది నాకూ కొంత వెలితిగానే ఉంది. అయినా బయటి మోతను ‘శబ్దం’ అని, లోపలిదాన్ని ‘హోరు’ అని చివరిదాకా విడిగా ఉంచితే చదివేవారు తికమకపడరు. ‘మోడల్’కు ఇంతకన్నా తేటగా ఉన్న తెలుగు మాట చెప్పండి, రేపటి నుంచే వాడతాను.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి, వాక్యం మార్చాను. 2009 నాటి కుజావా, లిబర్మన్ల ప్రయోగం కూడా రాస్తున్నాను. ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దం రెండు గంటలు వినిపించారు. పరీక్షల్లో వినికిడి తిరిగి మామూలు స్థాయికి వచ్చినా, చెవిలో నాడీ సంధులు (చెవి కణాలు నాడులతో కలిసే చోట్లు, సైనాప్స్‌లు) కొన్నిచోట్ల సగం దాకా పోయాయి.

జవాబు:
ఇక్కడ ‘వినిపించారు’ నిక్షేపంలా ఉంది, ఆ శబ్దం బయటిదే కదా. ఒక్క సవరణ: అవి చుంచెలుకలు. 1988, 2006 ప్రయోగాల్లోవి పెద్ద ఎలుకలు. పత్రికల్లో రెండింటినీ ‘ఎలుక’ అనే రాసేస్తుంటారు, మీరు వేరుచేయండి. ఆ ప్రయోగం హోరును కొలవలేదన్న సంగతీ ఒక వాక్యంలో చెప్పండి.