పాత ఇంటి డ్రైనేజీ లైన్‌కు కెమెరా పెట్టి చూసేవాళ్లు ఉన్నారా?
సికింద్రాబాద్‌లో 1980ల నాటి ఇండిపెండెంట్ ఇల్లు కొనాలనుకుంటున్నాం. టోకెన్ ఇచ్చాం, అగ్రిమెంట్ ఇంకా కాలేదు. బాత్రూమ్‌లన్నీ కొత్తగా చేయించారు గానీ గేటు దగ్గరి ఛాంబర్ నుంచి రోడ్డు మీది మ్యాన్‌హోల్ దాకా ఉన్నది పాత 6 అంగుళాల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపే. దాని పక్కనే పెద్ద వేపచెట్టు.

రెండు బకెట్ల నీళ్లు ఒకేసారి పోస్తే ఛాంబర్‌లో పావుగంట నిలుస్తున్నాయి. మ్యాన్‌హోల్ మాత్రం ఖాళీగానే ఉంది. ప్లంబర్ వెదురు బద్ద తోస్తే సుమారు 15 అడుగుల దగ్గర ఆగిపోయింది, కొసకు జుట్టులాంటి వేర్లు చుట్టుకొచ్చాయి. ఓనరేమో "వానల వల్ల" అంటున్నారు. వానలు పడి నెల దాటింది!

పైపు పగిలిందా, జాయింట్లు మాత్రమే వదిలాయా తేలితే గానీ రేటు మాట్లాడలేం. అడిగిన ప్లంబర్లెవరి దగ్గరా కెమెరా లేదు. ఒక్క ఇంటి లైన్‌కు కెమెరా పెట్టి వీడియో ఇచ్చేవాళ్లు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతారు?