పెట్టెలో పారిపోయిన హెన్రీ బ్రౌన్ ఆ గుట్టు విప్పకుండా ఉండాల్సిందా?

పాతకాగితం:
హెన్రీ బ్రౌన్ అమెరికాలో, వర్జీనియాలోని రిచ్మండ్‌లో పొగాకు ఫ్యాక్టరీ బానిస. 1848లో భార్యనీ ముగ్గురు పిల్లల్నీ అమ్మేశారు. 1849 మార్చి 23న తనను తానే చెక్కపెట్టెలో పార్సిల్ చేయించుకుని, మర్నాడు బానిసత్వం లేని ఫిలడెల్ఫియాలో పెట్టెలోంచి లేచాడు. మే నెలాఖరుకల్లా ఆ కథ చెప్పడానికి బోస్టన్‌లో వేదికెక్కాడు, ఆ ఏడే ఆత్మకథ అచ్చయింది. ఇంత హడావుడి లేకుంటే ఏటా వెయ్యిమంది అలాగే బయటపడేవాళ్ళని, తనూ బానిసత్వం నుంచి పారిపోయి దాని మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో విసుక్కున్నాడు. నా ఓటు డగ్లస్‌కే. దారి దొరికినవాడు వెనక వచ్చేవాళ్ళ కోసమైనా నోరు కట్టుకోవాలి.

కొయ్యపని:
వెయ్యిమందా! ముందు కొలతలు చూడండి గురువుగారూ. పొడవు 3 అడుగులు, లోతు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 2 అడుగులు. మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడమే, పక్కకి తిరగడానికి లేదు. లోపల బరక ఉన్నిగుడ్డ, తిత్తిలో నీళ్ళు, నాలుగు బిస్కెట్లు, గాలాడకపోతే ఇంకో కన్నం పెట్టుకోవడానికి చిన్న బరమా. పైన హికరీ కర్ర బద్దలు బిగించారు. ఇలా దాదాపు 27 గంటలు.

అసలు చిక్కు గాలి కాదు, తలకిందులవడం. "ఈ వైపు పైకి" అని రాసినా హమాలీలు పట్టించుకోలేదు. స్టీమర్ మీద తల కిందికి, కాళ్ళు పైకి అయ్యేసరికి కళ్ళు ఉబ్బి, కణతల నరాలు పగిలేలా పొంగాయి. ఇద్దరు ప్రయాణికులు కూర్చోవడానికని పెట్టెని పక్కకి ఒరిగించబట్టి బతికాడు. అది అదృష్టం, పద్ధతి కాదు.

పైగా పనికి సెలవు కావాలని చేతి మీద యాసిడ్ పోసుకుంటే, అనుకున్నదానికన్నా లోతుగా ఎముకదాకా కాలింది. దగ్గరున్న 166 డాలర్లలో 86 పెట్టె పంపినాయనకే ఇచ్చాడు. ఏటా ఇంత సొమ్ము, ఇంత మొండితనం ఎందరికి?

పాతకాగితం:
కష్టం సరే. కానీ పెట్టె పంపిన శామ్యూల్ స్మిత్ అనే తెల్లాయన మళ్ళీ ప్రయత్నించి దొరికాడు కదా? ఆరున్నరేళ్ళ జైలు. పెట్టెల్లో ఉన్నవాళ్ళు మళ్ళీ బానిసత్వంలోకే. వాళ్ళ ఉసురు ఎవరిది?

తేదీలరావు:
తేదీలు కలపండి సార్. స్మిత్ పట్టుబడింది మే మొదటివారం దాటగానే. బ్రౌన్ బోస్టన్ వేదికెక్కింది నెలాఖరున. ఆ అరెస్టుని ఆ ఉపన్యాసానికి అంటగట్టలేం. అయితే కథ ఏప్రిల్‌లోనే పత్రికలకెక్కింది, కాబట్టి డగ్లస్ కోపం గాలిలోంచి పుట్టలేదు. నా తగువల్లా బ్రౌన్ ఒక్కడినే బోనెక్కించడంతో. రాసినవాళ్ళూ, అచ్చేసినవాళ్ళూ స్వేచ్ఛగా పుట్టినవాళ్ళే.

కొయ్యపని:
అదీ మాట. ఇంకోటి, ఒకే ఊరినుంచి, అదే ఎక్స్‌ప్రెస్ (పార్సిళ్ళు చేరవేసే) కంపెనీలో, ఏడు వారాలు తిరక్కుండా మళ్ళీ మనిషంత పెట్టెలు పంపితే పత్రికలే అక్కర్లేదు, కౌంటర్లో గుమాస్తాకే అనుమానం వస్తుంది.

పాతకాగితం:
రావచ్చు. అయినా డగ్లస్ 1838లో బానిస కాని ఓ నల్లజాతి నావికుడి గుర్తింపు కాగితాలు అరువు తెచ్చుకుని, పారిపోవడానికి రైలెక్కిన సంగతి 1881దాకా పుస్తకంలో పెట్టలేదు. ఆ కాగితాలిచ్చినవాడికి ముప్పని. స్మిత్ రిచ్మండ్‌లోనే ఉండగా బ్రౌన్ పక్షంవాళ్ళు ఆ పాటి ఆగలేకపోయారా?