అంతర్వేది మొగ దగ్గర పండుగప్ప కోసం పడవలో వెళ్లాలంటే ఏం చూసుకోవాలి?

కొర్రమీను కుర్రాడు (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో కొర్రమీనుకు రాడ్ వేసే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. సంక్రాంతికి నరసాపురంలో మా మేనమామ గారింటికి వెళ్తున్నాం. ఆయనకు తెలిసినవాళ్లకు చిన్న ఫైబర్ బోటు ఉంది, ఔట్‌బోర్డ్ ఇంజిన్‌తో. వశిష్ఠ గోదావరిలో కిందికి, అంతర్వేది వైపు వెళ్లి ఈసారి పండుగప్ప (ఇంగ్లిష్‌లో సీబాస్, బారాముండి అంటారు) పట్టాలని నా కోరిక.

కిందటిసారి అదే బోటులో వెళ్లాం. మార్కెట్లో కొన్న రొయ్యలు ముక్కలు చేసి గాలానికి గుచ్చి, బరువు కట్టి అడుగుకు వదిలాం. పడ్డవన్నీ జెల్లలే. ఒకదాని ముల్లు మా బావమరిది చేతికి గుచ్చుకుని సాయంత్రం దాకా విలవిల్లాడిపోయాడు.

ఎర ఏది పెట్టాలి? పొద్దున్నే వెళ్లాలా, సాయంత్రమా? నా దగ్గర 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం) ఉన్నాయి, సరిపోతాయా? మొగ (నది సముద్రంలో కలిసేచోటు) దాటి కొంచెం సముద్రంలోకి వెళ్తే పెద్దవి దొరుకుతాయని ఒకరన్నారు, నిజమేనా? మా ఎనిమిదేళ్ల అబ్బాయి కూడా వస్తానంటున్నాడు.

భీమవరం బుల్లోడు:

అన్నా, పొద్దున్నా సాయంత్రమా అని గడియారం చూసుకుంటే లాభం లేదు. మీ ఊళ్లోనే ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉంది కదా, వాళ్ల వెబ్‌సైట్‌లో పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు, అలలు ఎలా ఉంటాయి అన్నీ ఇస్తారు. ముందు అది చూసుకుని అప్పుడు రోజు ఖాయం చేసుకోండి. బ్రెయిడ్ కూడా 30 పౌండ్లకు మార్చండి. మిగతాది వశిష్ఠ ఒడ్డు గారు చెప్తేనే బాగుంటుంది.

వశిష్ఠ ఒడ్డు (సఖినేటిపల్లి):

బాబూ, జనవరి మంచి సమయమే. వానాకాలంలో ఎర్రనీరు దిగినన్నాళ్లూ మొగ దాకా గోదావరి మంచినీళ్లే ఉంటాయి. అప్పుడు ఇక్కడ అందరి ధ్యాసా పులస మీదే. వరద తగ్గి నీరు తేటపడి, ఉప్పు మళ్లీ పైకి ఎక్కడం మొదలయ్యాక పండుగప్ప వేట బాగుంటుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున చలికి చేప మందంగా ఉంటుంది. కాబట్టి చీకటితో లేచి వణుక్కుంటూ వెళ్లనక్కర్లేదు. కాస్త ఎండెక్కాక మధ్యాహ్నంలోపు, లేదా మూడింటి తర్వాత, ఆటు కలిసొచ్చే పూట చూసుకోండి.

పండుగప్ప తిండి కోసం తరుముకుంటూ తిరిగే రకం కాదు, కాపు కాస్తుంది. పడిపోయిన మడ మొద్దో, వలలు కట్టే గుంజో, ఇసుక తిప్ప అంచో ఏదో ఒక మరుగు చూసుకుని, నీరు వచ్చే వైపు మూతి పెట్టి నిలబడుతుంది. నీరు కదిలితే దాని ముందుకు తిండి వస్తుంది. నీరు నిలిస్తే అది నోరు తెరవదు. అందుకే ఎంత మంచి ఎర ఉన్నా తప్పు గంటలో వెళ్తే ఫలితం ఉండదు.

ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. నీరు 6 గంటల పైచిలుకు ఎక్కుతుంది, దాదాపు అంతే సేపు తీస్తుంది, ఆ వేళ రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సరిగ్గా అమావాస్య, పున్నమి నాడు నీరు మరీ ఉరుకుతుంది. బురద లేస్తుంది, ఎర నిలవదు. అష్టమి దగ్గర కదిలీ కదలనట్టు ఉంటుంది. అమావాస్యకో పున్నమికో రెండు మూడు రోజుల ముందు నాకు ఇష్టం. భోగికి ఏ తిథి వస్తుందో పంచాంగంలో చూసుకోండి.

ఇక చోటు. మడల్లోంచి వచ్చే సన్న కాలువలు నదిలో కలిసే మూతులు వెతకండి. పోటుకు రొయ్యలూ కొయ్యంగ పిల్లలూ మడ వేళ్ల మధ్యకు వెళ్లిపోతాయి. నీరు తీయడం మొదలయ్యాక ఆ కాలువ ఒక్కటే వాటికి దారి. ఆటు మొదలైన మొదటి రెండు గంటలూ ఆ మూతి దగ్గర చూడాలి! కాలువ నీరు మసకగా వస్తుంది, నది నీరు కాస్త తేటగా ఉంటుంది, రెండూ కలిసేచోట నీటి మీద గీత కనబడుతుంది. ఆ గీత మీద చిన్న రొయ్యలు ఎగిరెగిరి పడుతుంటాయి. ఉన్నట్టుండి 'టప్' మని చప్పుడవుతుంది. పండుగప్ప నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి గుంజేసిన చప్పుడది. రెండుసార్లు విన్నారంటే అక్కణ్ణుంచి కదలకండి.

పడవను మూతికి ఎగువన 20, 25 మీటర్ల దూరంలోనే ఇంజిన్ ఆపేసి తెడ్డుతో చేర్చండి. లంగరు విసరొద్దు, చేత్తో మెల్లగా దించండి. లోతు తక్కువ నీటిలో పడవ అడుగున డబ్బా దొర్లినా చేపకు తెలిసిపోతుంది. ఎర నీటితోపాటు జారి గీత మీదకు పోవాలి.

జెల్లలు ఎందుకు పడ్డాయంటే, అవి అడుగున వాసన పట్టి తిరిగే చేపలు. మీరు ముక్కలు అడుగుకు వదిలారు కదా. బతికి ఉన్న రొయ్య పెట్టండి, వేలెడంతది. ఈ ప్రాంతంలో చెరువుల దగ్గర అడిగితే బతికున్న వెనామీ దొరుకుతుంది. బకెట్లో బ్యాటరీ ఏరేటర్ పెట్టుకుని, మధ్యమధ్య సగం నీళ్లు మారుస్తూ ఉండండి. గాలం ఎక్కించేటప్పుడు రొయ్యను వెలుగుకెత్తి చూస్తే తల లోపల నల్లటి మచ్చ కనబడుతుంది. దానికి తగలకుండా, తల మీది ముల్లు కిందుగా అడ్డంగా గుచ్చాలి. మచ్చకు తగిలిందా, రొయ్య అప్పుడే చస్తుంది. సరిగ్గా గుచ్చితే చాలాసేపు ఈదుతూనే ఉంటుంది. పైన తేలే బెండు కట్టి, ఎర అడుగుకు ఒక మూర పైన ఉండేలా చూసుకోండి. జెల్లల బాధ చాలావరకు పోతుంది.

30 పౌండ్ల బ్రెయిడ్ చివర మీటరున్నర నైలాన్ లీడర్ (గాలానికి ముందు కట్టే మందపాటి దారం) వేయండి, 50 పౌండ్లది. దీని నోరు గరుకుకాగితంలా ఉంటుంది, పట్టు పట్టినంతసేపూ దారాన్ని అరగదీస్తుంది. మొప్ప మీది రేకు అంచు ఇంకా ప్రమాదం, దారాన్నీ కోస్తుంది, వేళ్లనీ కోస్తుంది. గాలం 5/0 సర్కిల్ హుక్ (కొన లోపలికి వంగి ఉండేది) తీసుకోండి. చేప లాగినప్పుడు కొర్రమీనుకు కొట్టినట్టు రాడ్ గట్టిగా ఎత్తకండి, ఊరికే రీల్ తిప్పండి, అదే మూతి మూలకు దిగుతుంది. చేప పైకెగిరి తల విదిలిస్తుంది. అప్పుడు దారం వదులు కాకుండా రాడ్ కొనను నీటివైపు దించండి.

మొగ దాటడం మాత్రం వద్దు. ఆటు నీరు సముద్రంలోకి తోస్తున్నప్పుడు ఎదురుగాలి వీస్తే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అలలు నిటారుగా లేస్తాయి. రోజూ వెళ్లే పల్లిపాలెం మత్స్యకారులే ఆగి, చూసి, అప్పుడు దాటుతారు. ఆ చిన్న బోటులో పిల్లాడితో ఆ పని ఊహించుకుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. మీకు కావలసిన చేప లోపలే ఉంటుంది.

కొర్రమీను కుర్రాడు:

చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక్క సందేహం. కనుమ నాడు ఇంటిల్లిపాదికీ సరిపోయేలా పది కిలోలది తెమ్మని మా మామయ్య పట్టుబడుతున్నారు. అంతటి చేప లోపలి కాలువల దగ్గర పడుతుందా?

వశిష్ఠ ఒడ్డు:

పడవచ్చు. పడితే వదిలేయమని చేతులెత్తి అడుగుతున్నాను. ఇది నా మనసుకు బాగా పట్టిన విషయం, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నాను, మరోలా అనుకోకండి.

పండుగప్ప పెద్దయ్యేటప్పుడు ముందు మగదిగా ఉంటుంది. కొన్నేళ్లు అలా ఉండి, సుమారు 80 సెంటీమీటర్లు దాటే వేళకు ఆడదిగా మారడం మొదలవుతుంది. మీటరు పొడవున్నది దాదాపు ఖాయంగా ఆడదే. మీ మామయ్య గారు అడిగిన పది కిలోలది అంటే గుడ్లు పెట్టే తల్లి. లక్షల్లో పెడుతుంది, అదీ ఉప్పు నీరున్న మొగ దగ్గరికి దిగివచ్చి. పిల్లలు పోటుతోపాటు మడల్లోకి ఎక్కి, అక్కడ పెరిగి, తర్వాత నది పైకి పోతాయి. ఒక్క పెద్దదాన్ని తీసేస్తే ఆ స్థానంలోకి ఇంకో ఆడది రావడానికి ఏళ్లు పడుతుంది.

రెండు కిలోల చేపలు రెండు ఉంచుకోండి, కూరకు అవే రుచి. అదీ చాలకపోతే కృష్ణా జిల్లా చెరువుల్లో పెంచిన పండుగప్ప మార్కెట్లో దొరుకుతుంది. చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకం మీద పరిశోధించే కేంద్ర సంస్థ) వాళ్లు 1997లోనే దీన్ని హేచరీలో పొదిగించగలిగారు, అప్పట్నుంచి ఈ పెంపకానికి దారి పడింది. పండుగ పూట కొన్న చేప వండితే తప్పేం లేదు.

పెద్దది పడితే పడవలోకి లాగొద్దు. నీళ్లలోనే ఉంచి గాలం తీయండి. ఫొటో కావాలంటే చేతులు తడుపుకుని, ఒక చెయ్యి దవడకు, ఒకటి పొట్ట కింద. దవడ పట్టుకుని వేలాడదీస్తే బరువంతా మెడ మీద పడుతుంది. తర్వాత ఎదురు నీటికి మూతి పెట్టి పట్టుకోండి. తోక కొట్టి తనంతట తానే పోయేదాకా ఓపిక పట్టండి.

టౌన్స్‌విల్ తెలుగు (ఆస్ట్రేలియా):

వశిష్ఠ గారి మాటకు ఇక్కణ్ణుంచి ఒక సాక్ష్యం. మేం బారాముండి అని పట్టేది ఇదే చేప. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్లకు తక్కువదీ, 120 దాటినదీ ఉంచుకోకూడదని చట్టం. కింది కొలత పిల్లల కోసం, పై కొలత తల్లుల కోసం. తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు గుడ్లు పెట్టే కాలమని దీని వేట ఆపేస్తారు. పడవలో అంకెలు అచ్చువేసిన చాప ఉంటుంది. చేపను తడి చాప మీద పెట్టి కొలిచి, ఫొటో తీసి వదిలేస్తారు. నేను పండుగప్ప పులుసు తింటూ పెరిగిన పాలకొల్లువాణ్ణి. ఇక్కడ మీటరు చేపను వదిలినప్పుడు పక్క పడవలవాళ్లు చప్పట్లు కొడుతుంటే ఒళ్లు పులకరించింది. మన గోదావరిలో కూడా ఆ చప్పట్లు వినాలని నా ఆశ.

భీమవరం బుల్లోడు:

ఇది చదివే మిగతావాళ్లకు కూడా రెండు మాటలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా సముద్రంలో వేట నిషేధం, యానాంలో కూడా అవే తేదీలు. ఆ రోజుల్లో ఇంజిన్ బోటుతో మొగవైపు వెళ్లే ప్లాన్ పెట్టుకోకండి. అలాగే కోరింగ అభయారణ్యం కాలువల్లో గాలం వేద్దామని అడుగుతుంటారు కొందరు. అక్కడ అటవీ శాఖ బోటులో తిరిగి మడలు చూసి రండి, రాడ్ ఇంట్లో పెట్టి వెళ్లండి.

కొర్రమీను కుర్రాడు:

మామయ్యతో ఫోన్లో మాట్లాడాను. 80 సెంటీమీటర్లు దాటితే వదిలేద్దామని ఒప్పుకున్నారు, టేపు కూడా తనే తెస్తానన్నారు. మొగ దాటం. చివరిగా ఒకటి, బోటులో ఉన్న లైఫ్‌జాకెట్లన్నీ పెద్దవాళ్లవే. బాబుకు తాళ్లు బిగించి వేస్తే సరిపోతుందా?

వశిష్ఠ ఒడ్డు:

సరిపోదు. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలి పిల్లాడు కిందికి జారిపోతాడు. హైదరాబాద్‌లోనే పిల్లల సైజుది కొని తెచ్చుకోండి. లేబుల్ మీద ఎంత బరువుకో రాసి ఉంటుంది, అది బాబు బరువుకు సరిపోవాలి. వేసి బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులే. కాళ్ల మధ్యనుంచి పట్టీ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఒడ్డు దిగేదాకా విప్పనివ్వకండి. ఏ రోజు వస్తున్నారో ఇక్కడ రాస్తే ఆ పూట ఆటు ఎన్నింటికో చూసి చెప్తాను.