సాంభర్ సరస్సులో ఫ్లెమింగోలు: ఎక్కడ నిలబడాలి, రెండు రకాలను ఎలా గుర్తుపట్టాలి?

చౌడునేల: జనవరిలో జైపూర్ నుంచి ఒక రోజు రాజస్థాన్‌లోని ఉప్పు సరస్సు సాంభర్‌కు వెళ్లాలని ఉంది. ఉన్నది 8×42 (8 రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్. పులికాట్‌లో పెద్ద ఫ్లెమింగోలు చూశాను, చిన్న ఫ్లెమింగో మాత్రం కొత్త. ఏ వైపు నుంచి చూడాలి? ఉప్పు నేల మీద నడవొచ్చా?

గట్టుమీద: సరస్సును రెండుగా చీల్చే 5.1 కిలోమీటర్ల రాతికట్ట ఉందండీ. పడమర అసలు సరస్సు, తూర్పున ఉప్పుమడులు. పొద్దున కట్ట మీంచి పడమటికి చూస్తే ఎండ మీ వీపున పడి రంగులు తేటగా తెలుస్తాయి. సాయంత్రం మడుల వైపు తిరగండి. మడుల్లోకి దిగాలంటే ముందే అనుమతి అడగాలి. ఎండ ముదిరాక గాలి అలలాడుతుంది, అప్పుడు 60 రెట్ల స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టే చిన్న టెలిస్కోప్)లోనూ ముక్కు కరిగిపోయినట్టే ఉంటుంది. 20–30కి దించితే కొంత నయం. 8×42తో గుంపు దొరుకుతుంది, దూరాన ముక్కు రంగు దొరకదు. స్కోప్ ఎవరిదైనా అడిగి తీసుకెళ్లండి. నీళ్లన్నీ మెంధా, రూపన్‌గఢ్ లాంటి వానాకాలపు నదులవే. వానలు తప్పిన ఏడు త్వరగా ఎండిపోతుంది, ఆ వారం నీరెక్కడుందో స్థానిక గైడ్‌ను కనుక్కోండి.

పర్రపిట్ట: ఎత్తును నమ్మకండి, పక్కపక్కన ఉంటే తప్ప తెలియదు. ముక్కు చూడండి. పెద్దదానికి లేత గులాబీ, కొస మాత్రమే నలుపు. చిన్నదానికి ముదురు ఎరుపు, దూరానికి మొత్తం నల్లగా కనబడుతుంది. మేత ఇంకా మంచి గుర్తు. ఈ ఉప్పు, క్షార నీటిలో పెరిగే స్పైరులినా నాచును చిన్నది నీటి పైపొరలోనే ముక్కు ఆడిస్తూ వడకడుతుంది. పెద్దది తల పూర్తిగా ముంచి, అడుగు బురద కలిపి పురుగులు, చిన్న రొయ్యలు ఏరుకుంటుంది. అసలు చిక్కు పెద్దదాని పిల్లలతో: ఒళ్లు, ముక్కు బూడిద రంగు కాబట్టి చిన్న ఫ్లెమింగో అని రాసేస్తారు. ఒంట్లో గులాబీ లేకుండా బూడిద గోధుమ ఉంటే ఆగి, మెడ పొడవు చూడండి. లెక్కకు ముందు పదింటిని ఎంచి, అంత మేరను కొలతగా జరుపుతూ వందలకు పోండి. తేలనివి ‘ఫ్లెమింగో, జాతి తెలియదు’ అని విడిగా రాయండి, బలవంతంగా పంచొద్దు.

చౌడునేల: ధన్యవాదాలు. నేల సంగతి?

ఉప్పుమడి: తెల్లని పెచ్చు మీద నడవొద్దు. పైన గట్టిగా ఉన్నా కింద నల్లటి తడి బురద, పెచ్చు పగిలితే కాలు దిగబడుతుంది, బండి చక్రమైతే ఇక లేవదు. కట్టలు, పాత బాటలే దారి. ట్రైపాడ్ కాళ్లను ఆ రాత్రే మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, లేకుంటే కీళ్లు పట్టేస్తాయి. లెన్స్‌ను ముందు ఊది, తర్వాతే తుడవండి, ఉప్పు రవ్వ గీత పెడుతుంది. పక్షులు మేత ఆపి, మెడలెత్తి ఒకే దిక్కుకు నడవడం మొదలెడితే మీరు చాలా దగ్గరైనట్టే, వెనక్కి రండి. ఫొటో కోసం లేపడం, డ్రోన్ ఎగరేయడం తప్పు.

గట్టుమీద: ఇంకొకటి. 2019 నవంబర్‌లో ఇక్కడ 18 వేలకు పైగా పక్షులు బాట్యులిజంతో (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే పక్షవాతంతో) చచ్చిపోయాయి. కళేబరంలో పట్టే పురుగుల్లో విషం చేరుతుంది, వాటిని తిన్న పక్షీ పడిపోతుంది, అలా పెరుగుతూ పోతుంది. మెడ వాలిపోయి, రెక్కలు, కాళ్లు కదలని పక్షి కనబడితే ముట్టుకోకండి. ఫొటో, లొకేషన్ తీసి అటవీశాఖకు వెంటనే చెప్పండి. కళేబరాలు ఎంత త్వరగా తీస్తే అన్ని పక్షులు బతుకుతాయి.