ఖాళీ అయిన సువాసన కొవ్వొత్తుల పాత్రలను మళ్ళీ నింపుకోవచ్చా?

సాయంత్రపు వెలుగు

నమస్కారం. సువాసన కొవ్వొత్తులంటే నాకు చాలా ఇష్టం. పుస్తకం పట్టుకుని కూర్చున్నప్పుడల్లా పక్కన ఒకటి వెలగాల్సిందే. ఆ ఇష్టం వల్ల ఇప్పుడు అలమారలో ఒక అర మొత్తం ఖాళీ పాత్రలతో నిండిపోయింది. మందపాటి గాజు గ్లాసులే ఎక్కువ. ఒకటి నల్ల గాజుది. ఇంకొకటి నడుము దగ్గర లావుగా ఉండి మూతి దగ్గర సన్నబడింది. మూతలున్న రేకు డబ్బాలు, ఒక పింగాణీ గిన్నె కూడా ఉన్నాయి. అన్నింటి అడుగునా కాస్తో కూస్తో మైనం మిగిలే ఉంది. ఒకదానిలోనైతే మంట వత్తి చుట్టూ గొయ్యిలా దిగిపోయి, గోడల వెంట సగం మైనం అలాగే నిలిచిపోయింది.

ఈమధ్య ఒక గ్లాసును శుభ్రం చేసి తూచాను. పెట్టె మీద మైనం బరువు 200 గ్రాములని ఉంది. ఖాళీ గ్లాసు ఒక్కటే అంతకన్నా ఎక్కువ తూగింది. అంటే నేను ఇంటికి తెచ్చుకున్న బరువులో సగానికి పైగా గాజే. కొన్ని సాయంత్రాల సువాసన కోసం అంత గాజును కొలిమిలో కరిగించి పోతపోయడం, ఆ తర్వాత దాన్ని చెత్తలో వేయడం నాకు ఏమాత్రం నచ్చడం లేదు. కొవ్వొత్తులు మానేయాలని లేదు. పాత్రలను మాత్రం ఏళ్ళ తరబడి వాడుకోవాలని ఉంది.

పగలకుండా పాత మైనం తీయడం ఎలా? నేనే మైనం కరిగించి పోసుకోవడం మంచిదా, లేక పాత్ర లేకుండా విడిగా అమ్మే మైనపు దిమ్మలు కొని లోపల పెట్టుకోవడం మంచిదా? శుభ్రం చేశాక ఈ గ్లాసుల్లో మంచినీళ్ళు తాగవచ్చా? తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

మైనపు అచ్చు

చాలాకాలంగా కొవ్వొత్తులు పోస్తున్నాను. నా దగ్గర కొన్నవారు ఖాళీ పాత్ర తిరిగి తెస్తే నింపి ఇస్తాను. ఇది రోజూ నా చేతుల్లో నడిచే పని కనుక కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు అడుగున మిగిలిన మైనం సంగతి. అది మిగలాలి. అమెరికాలోని నేషనల్ క్యాండిల్ అసోసియేషన్ కూడా పాత్రలో అర అంగుళం, అంటే సుమారు 12 మిల్లీమీటర్ల మైనం ఉండగానే ఆర్పేయమని చెబుతుంది. వత్తిని నిలబెట్టే రేకు బిళ్ళకు చిన్న మెడ ఉంటుంది చూడండి, మైనం ఆ మట్టానికి దిగేసరికి మంట ఆరిపోవాలనే దాన్ని అలా చేస్తారు. మైనం పలుచబడ్డాక మంట వేడి నేరుగా గాజు అడుగుకు తగులుతుంది. గాజు ఒకచోట బాగా వేడెక్కి పక్కనే చల్లగా ఉంటే పగులుతుంది. ఒక్కసారి వాడి పారేసే గ్లాసుకే అది ప్రమాదమైతే, పదే పదే వాడదలచుకున్న గ్లాసు విషయంలో మరింత జాగ్రత్త పడాలి. అడుగున మిగిలింది ఎలాగూ కరిగించి వాడుకోవచ్చు, దాన్ని వృథా అనుకోకండి.

గోడల వెంట నిలిచిపోయింది చూశారా, అసలు వృథా అదీ. కొత్త కొవ్వొత్తిని మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం అంచు దాకా చేరేవరకు ఆర్పకూడదు. పాత్ర వెడల్పు ఎన్ని అంగుళాలో సుమారు అన్ని గంటలు పడుతుంది. అయితే ఏకబిగిన నాలుగు గంటలు దాటనివ్వకండి. అంచు దాకా చేరకముందే ఆర్పితే మరుసటిసారి కూడా మంట ఆ గొయ్యిలోనే దిగుతూ పోతుంది. మీ గొయ్యి పడిన కొవ్వొత్తికి వత్తి ఇంకా మిగిలి ఉంటే, పాత్ర మూతి మీద అల్యూమినియం రేకు కప్పి, మధ్యలో మంటకు గాలి ఆడేంత రంధ్రం ఉంచి, దగ్గరే కూర్చుని వెలిగించండి. వేడి లోపలే నిలిచి గోడల మైనం కరుగుతుంది.

పాత మైనం తీయడానికి నేను వేడినీళ్ళనే నమ్ముతాను. పాత్రలకు వాడే సోయా మైనం రకాలు చాలావరకు 50 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కరుగుతాయి. తేనెమైనానికి 62 నుంచి 64 డిగ్రీలు కావాలి. గోరువెచ్చని నీళ్ళున్న గిన్నెలో పాత్రను నిలబెట్టి, మెల్లమెల్లగా వేడినీళ్ళు చేర్చుతూ పోండి. గోడకు ఆనుకున్న మైనం వదులైతే దిమ్మ మొత్తం జారి వస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టే పద్ధతి కూడా ఉంది. చలికి మైనం గాజు కన్నా ఎక్కువగా ముడుచుకుని విడిపోతుంది. గట్టి మైనాలకు ఇది బాగా పనిచేస్తుంది కానీ, గోడను అంటుకుని ఉండేలా తయారైన మెత్తటి మైనాలు అంత సులువుగా వదలవు. ఏ పద్ధతైనా సరే, ఫ్రీజర్‌లోంచి తీసిన గాజును వెంటనే వేడినీళ్ళలో పెట్టకండి. వేడిగా ఉండగానే లోపల పాత కాగితంతో తుడిచేసి, ఆ తర్వాతే సబ్బుతో కడగండి. కరిగిన మైనం సింకులోకి ఒక్క చుక్క కూడా పోకూడదు. గొట్టంలో చల్లబడి గడ్డకట్టిందంటే తీయడం చాలా కష్టం.

శుభ్రమైన పాత్రను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తిప్పి చూడండి. అంచు వెంట గోరు నడపండి. ఎక్కడైనా గోరు పట్టినా, వెంట్రుకంత గీత కనిపించినా అందులో మళ్ళీ మంట పెట్టవద్దు. కొవ్వొత్తుల గాజుపాత్రల కోసం అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్ 2179 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. పోతపోసిన గాజును నిదానంగా చల్లార్చి లోపలి ఒత్తిడిని పోగొట్టారా లేదా అన్నది అందులో ముఖ్యమైన విషయం. మామూలు అలంకరణ గ్లాసులకు అలాంటి హామీ ఉండదు. అందుకే ఇదివరకు కొవ్వొత్తి పాత్రగా అమ్ముడైన గ్లాసునే నింపడం మేలు.

ఇక వత్తి. ఇంట్లో నింపుకునేవారు మైనం గురించి, పరిమళం గురించి ఎంతో ఆలోచిస్తారు, వత్తిని మాత్రం చేతికందింది పెట్టేస్తారు. పాత్ర లోపలి వెడల్పు, మైనం రకం, కలిపిన సువాసన నూనె, ఈ మూడింటినీ బట్టి వత్తి లావు మారాలి. సన్నదైతే గొయ్యి పడుతుంది. లావైతే మంట ఎత్తుగా ఎగిసి మసి పడుతుంది, గాజు పట్టుకోలేనంత వేడెక్కుతుంది. వెడల్పాటి పాత్రకు ఒక లావు వత్తి కన్నా రెండు సన్నవి నయం. వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించండి. సువాసన నూనె మైనం బరువులో 6 నుంచి 10 శాతం చాలు, అంటే 200 గ్రాముల మైనానికి 12 నుంచి 20 గ్రాములు. ఎక్కువ పోస్తే పరిమళం పెరగదు. మైనం పట్టుకోలేని నూనె పైకి చెమ్మలా ఊరుతుంది.

విడి దిమ్మలు కొనేటట్లయితే పాత్ర ఆకారమే అంతా నిర్ణయిస్తుంది. మూతి వెడల్పు అడుగు వెడల్పుతో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మీ దగ్గరున్న నడుము లావు పాత్రలో ఏ దిమ్మా దిగదు. దిగేంత చిన్నదైతే చుట్టూ ఖాళీ మిగిలి, కరిగిన మైనం అంతా పక్కలకు జారిపోతుంది, వత్తికి అందదు. దాన్ని పోసి నింపుకోవడం ఒక్కటే దారి. నిటారు గోడల గ్లాసులకు దిమ్మలు చక్కగా సరిపోతాయి, కొన్ని మిల్లీమీటర్ల సందు ఉన్నా మొదటిసారి పూర్తిగా కరగనిస్తే అదే పూడిపోతుంది. ఇకమీదట కొవ్వొత్తి కొనేటప్పుడు ముందు పాత్రను చూడండి, వాసన తర్వాత చూద్దురు గాని. నిటారు గోడలు, మందపాటి అడుగు, తేలిగ్గా ఊడివచ్చే కాగితం ఉంటే ఆ పాత్ర మీకు చాలాకాలం పనికొస్తుంది.

కుమ్మరి చక్రం

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూనే పింగాణీ, మట్టిపాత్రల గురించి రెండు మాటలు. అవి నేను చేసే వస్తువులు.

మెరుగు పూయని మట్టిపాత్ర కరిగిన మైనాన్నీ సువాసన నూనెనూ పీల్చుకుంటుంది. కొన్నాళ్ళకు బయటి వైపు నూనె మరకలు తేలతాయి. కింద ఉన్న బల్ల కూడా పాడవుతుంది. తక్కువ వేడిలో కాల్చిన పాత్రలకు మెరుగు పూసినా, దాని మీద సన్నటి పగుళ్ళ అల్లిక ఏర్పడితే అక్కడినుంచీ ఊరుతుంది. 1200 డిగ్రీల పైన కాల్చిన రాతిపింగాణీ అయితే నీటిని దాదాపుగా పీల్చదు. దీర్ఘకాలం నింపుకోవడానికి దానికన్నా మంచి పాత్ర నాకు తెలియదు. మీ గిన్నె ఏ రకమో తెలుసుకోవాలంటే నీళ్ళు నింపి రాత్రంతా పొడి కాగితం మీద ఉంచండి. పొద్దునకు కాగితం తడిస్తే దాన్ని కొవ్వొత్తికి వాడకండి.

గాజులో పగులు కంటికి కనిపిస్తుంది, పింగాణీలో కనిపించదు. దాన్ని చెవితో పట్టుకోవాలి. ఖాళీ గిన్నెను అరచేతిలో నిలిపి వేలి కణుపుతో తట్టండి. బాగున్న గిన్నె ఖంగుమంటుంది, పగిలినదాని శబ్దం మూగగా ఉంటుంది. ప్రతిసారీ నింపేముందు ఈ పరీక్ష చేయండి. చెక్క, ప్లాస్టిక్ పాత్రల్లో మంట పెట్టే ఆలోచనే వద్దు.

మంచినీళ్ళ గురించి అడిగారు. తాగడానికి వాడవద్దనే నా గట్టి సలహా. కొవ్వొత్తి పాత్రను ఆహారం కోసం తయారు చేసి ఉండరు. రంగులు, బంగారు అంచులు ఉన్నవాటిలో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. కలాలు, గుండీలు, దూది పెట్టుకోండి, మొక్క ముక్కలు వేళ్ళు తొడిగేదాకా నీళ్ళలో ఉంచుకోండి. అవి కూడా పునర్వినియోగమే కదా.

గాజు ముక్క

చిన్న చేర్పు. పగుళ్ళు పడినవాటిని గాజు రీసైక్లింగుకు ఇచ్చేముందు మైనం పూర్తిగా తీసేయండి, మైనం అంటిన గాజును చాలాచోట్ల తీసుకోరు. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజును మామూలు సీసాలతో కలపకూడదు. వేడికి అది వ్యాకోచించేది మామూలు గాజులో దాదాపు మూడో వంతే, కరిగే వేడి కూడా ఎక్కువ. సీసాల గాజులో కలిస్తే కరగని ముక్కలుగా మిగిలి కొత్త సీసాలను పాడుచేస్తుంది. రేకు డబ్బాలతో ఈ చిక్కు లేదు, తుడిచి ఇస్తే చాలు.

సాయంత్రపు వెలుగు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పింగాణీ గిన్నె కింద కాగితం పొడిగానే ఉంది, తడితే చక్కగా మోగింది. నిటారు గ్లాసులన్నీ వేరుచేసి పెట్టాను. గాజు మీద కాగితాలు కూడా వేడినీళ్ళకు వదిలాయి, జిగురు మాత్రం కాస్త వంటనూనె రాసి రుద్దాల్సి వచ్చింది.

ఇంకో రెండు సందేహాలు. తీసిన మైనం ముక్కలు ఒక గిన్నెడు పోగయ్యాయి, వాసనలు వేరువేరు, కొన్నింటిలో అగ్గిపుల్లల ముక్కలు కూడా ఉన్నాయి. వీటన్నింటినీ కలిపి ఒకే కొవ్వొత్తి చేయవచ్చా? ఇక అల్యూమినియం గిన్నెల్లో వచ్చే చిట్టి కొవ్వొత్తులు కూడా చాలా వాడతాను. వాటి సంగతేమిటి?

మైనపు అచ్చు

కలపవచ్చు కానీ వత్తి పెట్టి వెలిగించమని చెప్పను. ఏ మైనం ఎంత ఉందో తెలియనప్పుడు దానికి తగిన వత్తిని ఎంచుకోవడం కుదరదు. మైనాన్ని కరిగించి పరిమళం మాత్రమే వచ్చేలా చేసే విద్యుత్ పాత్రలు ఉంటాయి, మిశ్రమ మైనానికి అవే తగినవి. మంట ఉండదు, వత్తి అక్కర్లేదు. పరిమళాలను మాత్రం ఒక వరుసలో పెట్టుకోండి: పూలవి పూలవాటితో, చెక్క వాసనలు చెక్కవాటితో. అన్నీ ఒకచోట కలిస్తే ఏ వాసనా తేలదు. పరిమళం పూర్తిగా పోయిన మైనాన్ని ఎండిన దేవదారు కాయల మీద పోసి ఆరబెడితే ఆరుబయట నెగడు రాజేయడానికి బాగా అంటుకుంటాయి. బిగుసుకుపోయిన చెక్క సొరుగుల అంచులకు రుద్దినా తేలిగ్గా జరుగుతాయి.

కరిగించేటప్పుడు గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకండి. నీళ్ళున్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నెను నిలిపి సన్నని సెగ మీద కరిగించండి, అక్కడినుంచి కదలకండి. మైనం అంటుకుంటే నీళ్ళు మాత్రం పోయకూడదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని నలువైపులా చిమ్ముతుంది. సెగ ఆపి మూత పెట్టేయాలి, అందుకే మూతను ముందే చేతికందేలా ఉంచుకోవాలి. కరిగిన మైనాన్ని పాత నూలుగుడ్డలో వడకడితే అగ్గిపుల్లల ముక్కలు, మసి పోతాయి. వెలిగించే కొవ్వొత్తిలో అలాంటి ముక్క ఒక్కటి మిగిలినా అదే రెండో వత్తిలా అంటుకోగలదు.

చిట్టి కొవ్వొత్తుల విషయంలో మార్పు చాలా సులువు. గిన్నె లేకుండా మైనం, వత్తి మాత్రమే ఉన్నవి దొరుకుతాయి. వాటి కొలతకు తగిన చిన్న గాజు గిన్నెలు కొన్ని తీసుకుంటే, ప్రతి కొవ్వొత్తికీ ఒక కొత్త అల్యూమినియం గిన్నె అవసరం ఉండదు. వెలిగినప్పుడు మైనం పూర్తిగా కరిగి నీరవుతుంది కనుక ఆ గాజు గిన్నె లేకుండా విడిగా వెలిగించకండి. మొత్తం కాలిపోయాక మిగిలేది వత్తి కింది చిన్న రేకు బిళ్ళ ఒక్కటే. ఇప్పటికే ఉన్న అల్యూమినియం గిన్నెలను తుడిచి, ఒకదానిలో ఒకటి నొక్కి ఒక ఉండలా చేసి ఇవ్వండి. విడివిడిగా ఉంటే చిన్నవి కనుక వేరుచేసేచోట జారిపోతాయి.

గ్లాసులు నింపడం మొదలుపెట్టాక మొదటి గ్లాసును సగం దాకా అయినా కాల్చి చూడండి. మంట నిలకడగా ఉందా, మసి పడుతోందా, గాజు ఎంత వేడెక్కుతోందన్నది రాసి ఇక్కడ పెట్టండి. దాన్ని బట్టి వత్తి మార్చాలో వద్దో చెబుతాను. అది తేలాకే మిగతావి నింపుదురు గాని.