షోలో పాత ఫియట్‌కు మార్కులు ఎట్లా వేస్తారు? కొత్త పెయింట్ కొట్టించాలా?

ప్రొద్దుటూరు డిలైట్:
అందరికీ నమస్తే. మా తాత కొన్న 1966 ఫియట్ 1100 డిలైట్ మా ఇంట్లోనే ఉంది. ఇంజను, స్టీరింగ్ గేరు అన్నీ కంపెనీవే. రంగు మాత్రం బాగా వెలిసిపోయింది, బానెట్ మీద అక్కడక్కడా ప్రైమర్ బయటపడింది. ఈ చలికాలం బెంగళూరులో పాత కార్ల షోకి తీసుకుపోవాలని ఉంది. మెటాలిక్ సిల్వర్ కొడితే అద్దంలా మెరుస్తుంది, ప్రైజు గ్యారంటీ అని మా పెయింటర్ అంటున్నాడు. నాన్న వద్దంటున్నారు. అడ్వాన్స్ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. అసలు జడ్జిలు ఏం చూస్తారు?

కర్నూలు బుల్లెట్:
ముందు అది ఏ రకం షోనో కనుక్కో తమ్ముడూ. కొన్ని చోట్ల చూడ్డానికి వచ్చినవాళ్లే ఓటేస్తారు, అక్కడ మెరిసే బండికి పడతాయి. జడ్జిలు ఉంటే లెక్క వేరు.

అనంతపురం పాతబండి:
అడ్వాన్స్ ఇవ్వొద్దు తమ్ముడూ, మీ నాన్న మాట విను. ఒక షోలో జడ్జిల వెనక మార్కుల షీటు పట్టుకొని తిరిగాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

జడ్జి మార్కులు వేయడు, కోస్తాడు. అమెరికాలో పెబుల్ బీచ్ షోలో ప్రతి బండీ 100తో మొదలవుతుంది, తప్పు కనపడిన చోటల్లా తగ్గిస్తూ పోతారు. అక్కడి ఏఏసీఏ అనే పాత కార్ల క్లబ్బుది 400 మార్కుల పద్ధతి. బాడీ, లోపలి భాగం, ఛాసిస్, ఇంజను విడివిడిగా చూస్తారు. ఆ ఏడాది డీలరు దగ్గర నుంచి బండి ఎట్లా బయటికొచ్చిందో అట్లానే ఉందా అన్నదే కొలత. అంతకంటే గొప్పగా చేయించినా ఒక్క మార్కు ఎక్కువ రాదు. డిలైట్‌కు ఫ్యాక్టరీ వేయని రంగు వేస్తే డబ్బు పెట్టి మార్కులు పోగొట్టుకున్నట్టే.

నేను చూసిన జడ్జి బండి మీద చెయ్యి వేయలేదు. తలుపులు, బానెట్, డిక్కీ ఓనర్‌తోనే తెరిపించాడు. చిన్న టార్చి తీసి ముందు డోర్ రబ్బరు చూశాడు. దాని అంచున సన్నగా రంగు తుంపర పడి ఉంది, అంటే రబ్బరు పీకకుండానే స్ప్రే కొట్టారు. ఏమీ అనకుండా రాసుకున్నాడు. తర్వాత హారన్, బ్రేక్ లైటు, వైపర్ పనిచేయించి చూపమన్నాడు. వైపర్ సగంలో ఆగింది. అక్కడా కోత.

ఫ్యాక్టరీ రంగు ఒకసారి గీకేస్తే ఎంత పెట్టినా తిరిగి రాదు. అందుకే పెద్ద షోల్లో ఫ్యాక్టరీ రంగుతోనే మిగిలిన బండ్లకు ప్రిజర్వేషన్ క్లాస్ అని వేరే పోటీ పెడతారు. అక్కడ వెలిసిన రంగును లోపంగా లెక్కపెట్టరు. మీ షోలో ఆ క్లాస్ ఉందేమో నిర్వాహకులను అడుగు. డిక్కీలో మ్యాట్ ఎత్తి చూడు, అసలు రంగు అక్కడ బాగానే ఉండొచ్చు. ఫోటో తీసి, తాతగారి బిల్లు, పాత ఆర్‌సీ దొరికితే వాటితోపాటు ఫైల్లో పెట్టుకో. జడ్జి అడిగితే నోటిమాట కంటే కాగితం పనికొస్తుంది.

కడప గ్యారేజీ:
మెకానిక్‌గా నా మాట: మార్కులు తినేది చిన్న సామాన్లే. మైనస్ స్క్రూ ఉండాల్సిన చోట స్టార్ స్క్రూ, టేపు చుట్టిన వైర్లు, కొత్త రకం హోస్ క్లిప్పులు. బానెట్ ఎత్తగానే ఇవే కనపడతాయి. ఆయిల్ కారుతుంటే గాస్కెట్ ఇప్పుడే మార్చు. ఇంకోటి, బండిని బాగా నడిపి ఉంచు. పెబుల్ బీచ్‌లో ఒక క్లాస్‌లో రెండు బండ్లకు సమానంగా వస్తే, షోకి ముందు జరిగే రోడ్డు టూర్ పూర్తి చేసిన బండికే ప్రైజు.

ప్రొద్దుటూరు డిలైట్:
చాలా థ్యాంక్స్ అన్నా. పెయింటర్‌కు వద్దని చెప్పేశా. మ్యాట్ కింద లేత నీలం దొరికింది! వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించాలా?

అనంతపురం పాతబండి:
లేత నీలమా! ఆ ఫోటో ఇక్కడ కూడా పెట్టు. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండికి ఇస్తారు. మీది ఇప్పటికే రిజిస్టరైంది కాబట్టి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే ఆ తర్వాత షోలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోడ్డు మీదికి తీయకూడదు. నాన్న రోజూ బజారుకు దాంట్లోనే పోతుంటే ముందు ఆయన్ని అడుగు.